పిలుపు పొందిన చేతులు

ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 31:1–6; 35:30–35



"పిలుపు" అనే మాట మన సంఘాల్లో తరచుగా వింటుంటాము. ఫలానా యౌవనస్థునికి దేవుని పిలుపు ఉంది అని ఎవరైనా చెబితే, అతడు చేస్తున్న పని మానుకొని బైబిలు కళాశాలకు వెళ్ళబోతున్నాడని వెంటనే అనుకుంటాము. కుట్టు మిషను ముందు కూర్చున్న సహోదరికి పిలుపు ఉందని మనం అనము. కాలిపోయిన మోటారు విప్పి తిరిగి తీగ చుట్టే సహోదరునికి పిలుపు ఉందని అనము. వారు ఆదివారం కానుక వేస్తే చాలు, పరిచర్య సంగతి పిలుపు పొందినవారు చూసుకుంటారు అన్నట్టుగా మన తలంపు స్థిరపడిపోయింది.

అయితే లేఖనము ఏమి చూపిస్తున్నది? ప్రత్యక్ష గుడారము కట్టవలసిన సమయం వచ్చినప్పుడు దేవుడు ఒక మనుష్యుని పేరుపెట్టి పిలిచాడు. అతని పేరు బెసలేలు, యూదా గోత్రికుడు. ఫలానివాడు దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిలు మొట్టమొదట చెప్పినది ఇతని గురించే. అతడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు. బంగారము, వెండి, ఇత్తడి పని తెలిసినవాడు. రత్నాలు సానబెట్టగలవాడు, కొయ్యను చెక్కగలవాడు. ఆత్మ అతనికి ఇచ్చినది చేతిపనిలో జ్ఞానము. ఈ సంగతి మనస్సులో ఉంచుకొని, మన రాయలసీమలోని కరవు పీఠభూమి చరిత్రను ఈ దినము కొంచెం చూద్దాము.

కరవు నేల

అనంతపురం ప్రాంతానికి సాలుకు కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని దీనికి పేరు పడింది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుండి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. పైన పలుచని ఎర్ర మట్టి, దాని కింద మొరం, ఆ కింద బండరాయి. పడిన కొద్దిపాటి వాన కూడా నిలువదు. రెండేళ్ళు పంట పండితే మూడేళ్ళు ఎండుతుందని ఇక్కడి పెద్దలకు తెలుసు.

ఇటువంటి నేల మీద దయ ఒక్కటే చాలదని మన పూర్వులు ఎప్పుడో గ్రహించారు. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369వ సంవత్సరపు శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి ఆ శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో లెక్కపెట్టి చెప్పారు. ధర్మబుద్ధి గల రాజు ఉండాలి అని చెప్పి ఊరుకోలేదు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, నేల గట్టిదై ఉండాలి, కట్టలో నీరు కారకూడదు, చవుడు నేల కాకూడదు, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కాకూడదు అని కూడా చెక్కించారు. ఆ చెరువు పని రెండేళ్ళు సాగింది. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు పనిచేశాయని శాసనమే చెబుతున్నది. భక్తితో తలపెట్టిన పనిలో కొలత తప్పితే కట్ట తెగుతుంది. అప్పుడు కట్ట కింద ఉన్న ఊరు కొట్టుకుపోతుంది.

ఈ సీమకు సువార్త వచ్చిన కాలములోనూ ఇదే పాఠము ఎదురైంది. లండన్ మిషను సేవకుడు జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చాడు. ఇప్పటి అనంతపురం అప్పట్లో బళ్ళారి జిల్లాలో భాగం. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆ మధ్యలోనే 1876–78 నాటి ధాత కరవు వచ్చింది. మద్రాసు రాజధానిలో ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. పశువులు చచ్చాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ప్రసంగించే నోరు ఎంత వాక్చాతుర్యం గలదైనా, ఆకలితో పడిపోయినవాని ముందు అది చేయగలిగింది చాలా కొద్ది.

కొలత తెలిసిన బోధకుడు

అదే కరవు కోస్తాను కూడా పట్టింది. అక్కడ ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ ఉన్నాడు. తెలుగు క్రైస్తవులలో ఆయన పేరు వినని వారు తక్కువ. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మన పుస్తకాల్లో, మన పండుగల్లో తరచు చెప్పుకుంటాము. దానికి ముందు ఏమి జరిగిందో అంతగా చెప్పుకోము.

క్లౌ మిషనెరీ కాక ముందు, యౌవనములో, అమెరికా పడమటి ప్రాంతాల్లో భూమి సర్వే చేసే బృందాలతో పనిచేశాడు. గొలుసు పట్టి నేల కొలవడం, ఎత్తుపల్లాలు చూడడం అప్పుడు నేర్చుకున్నాడు. దైవసేవకు ఈ విద్యతో పనేమిటి అని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే. కరవు వచ్చిన తర్వాత ప్రభుత్వం బకింగ్‌హాం కాలువను పొడిగించే పని మొదలుపెట్టింది. క్లౌ అందులో మూడు మైళ్ళ పైచిలుకు కాలువ తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవారిని అక్కడికి రప్పించాడు. కులం వలన ఇతర పనుల్లో తోసివేయబడిన మాదిగ కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడ పని చేసి కూలి తీసుకున్నారు. తన బోధకులనే గుంపులకు మేస్త్రీలుగా నియమించాడు. వారు గుంట కొలిచారు, హాజరు రాశారు, కూలి పంచారు, సాయంకాలం వాక్యము చెప్పారు.

ఇంకొక సంగతి గమనించండి. కరవు సాయం చేతి మీదుగా నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అన్నం కోసం వచ్చినవారెవరో, ప్రభువు కోసం వచ్చినవారెవరో తేలాలని పదిహేను నెలలకు పైగా ఆపాడు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ దినము మనం చూసే ఆ గొప్ప ఆత్మీయ పంట వెనుక ఒక సర్వే గొలుసు ఉంది, ఒక కూలి లెక్కల పుస్తకము ఉంది. యౌవనములో నేర్చిన ఒక విద్యను దేవుడు ఇరవై ఏళ్ళ తర్వాత వేరొక ఖండములో వాడుకున్నాడు.

బావుల ఫాదర్

ఇప్పుడు తిరిగి అనంతపురానికి వద్దాము. ఈ నేల మీద పిలుపు, చేతిపని కలిసి నడిచిన కథ చెప్పాలంటే విన్సెంట్ ఫెర్రర్ గారి పేరు చెప్పక తప్పదు.

ఆయన 1920లో స్పెయిన్ దేశములోని బార్సిలోనాలో పుట్టారు. పద్దెనిమిదేళ్ళకే అంతర్యుద్ధములోకి సైనికునిగా తీసుకుపోబడ్డారు. ఎబ్రో నది దగ్గర జరిగిన ఘోర యుద్ధాన్ని చూశారు, ఓటమి తర్వాత ఫ్రాన్సులో నిర్బంధ శిబిరంలో గడిపారు. న్యాయశాస్త్ర విద్య మొదలుపెట్టి, దానిని విడిచి 1944లో జెస్యూట్ సభలో చేరారు. 1952లో బొంబాయిలో దిగారు. కొన్నేళ్ళకు మహారాష్ట్రలోని మన్మాడు ప్రాంతానికి వెళ్ళారు. అది కూడా వాన లేని నేలే.

ఆలోచించండి. యుద్ధము చూసినవాడు, న్యాయశాస్త్రము తెరిచి మూసినవాడు, వేదాంతము చదివినవాడు. వీటిలో ఏ ఒక్కటీ బావి ఎక్కడ తవ్వాలో చెప్పదు. అక్కడి రైతులకు కావలసింది నీరు. అందుచేత ఆయన నీటి పని నేర్చుకోవలసి వచ్చింది. బావికి చోటు చూడడం, రాయి తగిలితే ఏమి చేయాలో తెలుసుకోవడం, పనిచేసినవారికి గోధుమలు, నూనె లెక్కగా ఇవ్వడం, రైతుకు ఇచ్చిన అప్పు తిరిగి వచ్చేలా చూసి మరొక రైతుకు ఇవ్వడం. ఇది దానం పంచడం కంటే చాలా కష్టమైన పని. దానం పంచేవానికి మంచి మనస్సు ఉంటే సరిపోతుంది. బావి తవ్వించేవానికి తప్పు చోట గునపం వేస్తే ఒక కుటుంబం అప్పులో మునుగుతుందన్న భయం కూడా ఉండాలి.

పేదలు ఆయన చుట్టూ చేరడం కొందరు పెద్దలకు నచ్చలేదు. 1968లో దేశము విడిచి వెళ్ళమని ఆజ్ఞ వచ్చింది. అప్పుడు సుమారు 30,000 మంది మన్మాడు నుండి బొంబాయి వరకు, దాదాపు 250 కిలోమీటర్లు, ఆయన కోసం నడిచారు. ఆనాటి ప్రధాని ఇందిరాగాంధీ జోక్యముతో, కొంతకాలం బయటికి వెళ్ళి తిరిగి రావచ్చునన్న మార్గము దొరికింది. తిరిగి వచ్చినప్పుడు ఆయనకు చోటిచ్చినది ఆంధ్రప్రదేశ్. అలా 1969లో అనంతపురం చేరారు. వెళ్ళిన ఖాళీ ఇంటి గోడ మీద, అద్భుతము కోసం కనిపెట్టుమనే అర్థము వచ్చే కాగితం ఒకటి కనబడిందని ఆయన తరచు చెప్పేవారు.

1970లో ఆయన జెస్యూట్ సభను విడిచి, ఇంగ్లండుకు చెందిన పాత్రికేయురాలు అన్నే పెర్రీ గారిని వివాహము చేసుకున్నారు. గురువు వస్త్రము తీసివేశారు గాని పని విడువలేదు. పల్లెల్లో జనం చివరి దాకా ఆయనను "ఫాదర్" అనే పిలిచారు. ఆ దంపతులు నడిపిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును అనంతపురంలో చిన్న పిల్లవానిని అడిగినా "ఆర్‌డీటీ" అని చెబుతాడు. బావులతో, పొలం గట్లతో, కరవు పనులతో మొదలై ఆ సేవ బడులకు, ఆస్పత్రులకు, ఇళ్ళకు విస్తరించింది. బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆస్పత్రులు లేచాయి. కట్టించిన ఇళ్ళను ఆ ఇంటి స్త్రీ పేర రాయించారు.

అయితే నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది వేరొకటి. ఆ పనిని ఆయన విదేశీ నిపుణుల చేతుల్లోనే ఉంచలేదు. పల్లె స్త్రీలు ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందారు. గర్భిణిలో ఏ లక్షణము కనబడితే ఆస్పత్రికి పంపాలో వారు నేర్చుకున్నారు. దళిత వాడల్లో పిల్లలకు బడి వేళకు ముందు, వెనుక పాఠం చెప్పేవారిని ఆ పల్లెల నుండే తయారుచేశారు. చెవిటివారికి, చూపు లేనివారికి ప్రత్యేక పాఠశాలలు పెట్టారు. వికలాంగులైన స్త్రీలు పనిశాలల్లో చేతివృత్తులు నేర్చుకొని తమ కూలి తాము సంపాదించుకున్నారు. నిన్నటి వరకు ఇంటికి భారమని మాటలు పడిన అమ్మాయి నెలాఖరుకు ఇంటికి డబ్బు తెస్తే, ఆ ఇంట్లో ఆమెను పిలిచే పిలుపే మారుతుంది.

2009 జూన్ 19న ఫెర్రర్ గారు అనంతపురంలో కన్నుమూశారు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లిలో ఆయనను సమాధి చేశారు.

ఒక ప్రశ్న

ఇక్కడ మీలో కొందరు అడగవచ్చు: "అయ్యా, సువార్త చెప్పకుండా బావి తవ్వితే అది క్రైస్తవ పరిచర్య ఎలా అవుతుంది?" న్యాయమైన ప్రశ్నే. క్లౌ గారు కాలువ తవ్వించారు, వాక్యమూ చెప్పారు. ఫెర్రర్ గారి సంస్థ మత ప్రచారము కోసం పెట్టినది కాదు. ఈ రెండింటిలో ఏది సరియైన మార్గమనే విషయములో మన సంఘాల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. అయినా ఒక విషయములో ఆ ఇద్దరూ ఏకమనస్కులు. దాహముతో ఉన్నవానికి ముందు నీళ్ళు ఇవ్వాలి. ఆ నీళ్ళను వెలగా పెట్టి అతని మనస్సాక్షిని కొనకూడదు. తీర్పు దినమున గొఱ్ఱెలను, మేకలను వేరుపరచే ఉపమానములో మన ప్రభువు అడిగిన లెక్క ఏమిటో మత్తయి 25వ అధ్యాయము మరొకసారి చదవండి. దప్పిక తీర్చారా అని ఆయన అడుగుతాడు. ఈ కరవు సీమలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే బావి తవ్వడం ఎవరో ఒకరు నేర్చుకొని ఉండాలి.

నేర్చినది మళ్ళీ నేర్చుకోవాలి

ప్రియులారా, చరిత్ర ఇక్కడితో ఆగితే మనకు సుఖంగా ఉండేది. కాని నిజము పూర్తిగా చెప్పాలి. ఒక తరములో ప్రాణము నిలిపిన విద్యే మరొక తరములో చాలకుండా పోయింది.

కపిల తోలి నీరు తోడిన రోజుల్లో బావి తనను తాను కాపాడుకొనేది. ఎద్దులు తోడగలిగినంతే నీరు బయటికి వచ్చేది. కరెంటు మోటార్లు వచ్చాయి, తర్వాత బోరు రిగ్గులు వచ్చాయి. ఒకరి బోరు లోతుకు దిగితే పక్కవాని బావి ఎండింది. అతడు ఇంకా లోతుకు దిగాడు. చెట్టు కింద కూర్చొని చూస్తుండగానే వందల అడుగుల లోతుకు పోయి దుమ్ము మాత్రమే పైకి వచ్చిన బోర్లు ఎన్నో. పొలమంతా శెనక్కాయ ఒక్కటే వేయడం అలవాటైంది. వాన తప్పితే ఇంట్లోకి మరొక గింజ రాదు. 1990ల చివరి నుండి ఈ జిల్లా పేరు రైతుల ఆత్మహత్యల వార్తల్లో పదే పదే వచ్చింది. ఆ చావుల వెనుక నీరు పడని బోర్ల అప్పులు ఎన్ని ఉన్నాయో అక్కడి విధవరాండ్రకు తెలుసు.

అందుచేత నీటి పరిచర్య చేసేవారు మళ్ళీ శిష్యులుగా కూర్చోవలసి వచ్చింది. నీరు తోడే విద్య తర్వాత నీరు నిలిపే విద్య నేర్చుకోవాలి. వంకలకు అడ్డంగా చెక్ డ్యాములు, ఊట కుంటలు, వాలుకు అడ్డంగా గట్లు, బిందు సేద్యము, శెనక్కాయ పొలంలో మామిడి, చీనీ తోటలు, సాళ్ళ మధ్య కంది, జొన్న. ఆర్‌డీటీ, దానికి సోదర సంస్థగా ఎదిగిన ఏఎఫ్ ఎకాలజీ సెంటరు ఈ దారిలో ఎన్నో ఏళ్ళు రైతులతో కలిసి నడిచాయి. ఇస్సాకు గెరారు లోయలో చేసినది కూడా ఇదే కదా. తండ్రి కాలములో తవ్వి, తర్వాత పూడ్చివేయబడిన బావులను అతడు తిరిగి తవ్వించాడు. ఒక బావి కోసం జగడము వస్తే విడిచి మరొకటి తవ్వించాడు, రహెబోతు దొరికే వరకు మానలేదు. విశ్వాసియైన పనివాడు నిన్న నేర్చినదానితో తృప్తిపడి కూర్చోడు.

మన సంగతి ఏమిటి?

ఈ చరిత్ర చదివి మెచ్చుకొని పేజీ తిప్పివేస్తే ప్రయోజనము లేదు. మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మీ ఊరి అవసరతను చూడండి. మీకు ఇష్టమైన పరిచర్య ఏది అని అడగకముందు, మీ వీధిలో ఏ పని తెలిసినవాడు లేక జనం నష్టపోతున్నారో చూడండి. పొదుపు సంఘం పుస్తకంలో లెక్క సరిగా రాసేవారు లేక పోట్లాట జరుగుతున్నదా? పాము కరిస్తే ముందు ఏమి చేయాలో తెలియక ప్రాణము పోతున్నదా? డ్రిప్పు పైపులు మూసుకుపోతే విప్పి కడిగేవాడు లేక తోట ఎండుతున్నదా? అక్కడే మీ పిలుపు మీకోసం కనిపెట్టుకొని ఉండవచ్చు.

రెండవది, తెలిసినవారి దగ్గర కూర్చొని నేర్చుకోండి. మనం ప్రార్థన చేశాము గనుక పని దానంతట అదే వస్తుందనుకోవడం విశ్వాసము కాదు, సోమరితనము. గట్టు పోయడం, రాయి పగలగొట్టడం వడ్డె కులపు పెద్దకు తెలిసినంతగా డిగ్రీ చదివినవానికి తెలియకపోవచ్చు. అతని దగ్గర నేర్చుకోవడానికి సిగ్గుపడవద్దు. పౌలు గమలీయేలు పాదముల యొద్ద చదివినవాడు. అయినా డేరాలు కుట్టడం నేర్చుకున్నాడు. ఆ పని వలననే కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట చోటు దొరికింది. మన ప్రభువు సహితము నజరేతువారికి వడ్లవానిగానే తెలుసు. ఆయన చేసిన కాడి ఎద్దు మెడను ఒరిపించి ఉండదని నేను నమ్ముతాను.

మూడవది, నేర్చినదానిని మరొకరికి నేర్పండి. బెసలేలుకు దేవుడు పనితనముతో పాటు నేర్పే మనస్సు కూడా ఇచ్చాడని నిర్గమకాండము 35వ అధ్యాయములో ఉన్నది. దానును చెందిన అహోలీయాబుకు కూడా అదే ఇచ్చాడు. తనతోనే ముగిసే విద్య సమాధిలోకి పోతుంది. పల్లె స్త్రీకి నేర్పిన విద్య ఆమె కూతురి దాకా, మనవరాలి దాకా పోతుంది.

సంఘ కాపరులారా, మీకు ఒక మనవి. ఈ సంవత్సరం యౌవనస్థుల కూటము పెట్టినప్పుడు ఒక్క సాయంకాలం ప్రసంగీకుని పక్కన ఒక నర్సును, ఒక ఎలక్ట్రీషియనును, ఒక మంచి రైతును కూర్చోబెట్టండి. ఇది కూడా పిలుపేనని పిల్లలతో చెప్పి, వారి చేతుల మీద చేతులుంచి ప్రార్థన చేయండి. సేవకునిగా ప్రతిష్ఠించేటప్పుడు చేసే ప్రార్థన కంటే అది తక్కువైనది కాదు.

అద్భుతము కోసం కనిపెట్టుమని గోడ మీద రాసి ఉన్న ఇంట్లో అడుగుపెట్టిన మనుష్యుడు నలభై ఏళ్ళు ఈ నేల మీద పనిచేశాడు. వాన మాత్రము ఆయన చేతిలో లేదు. అది ఈనాటికీ దేవుని చేతిలోనే ఉంది. పడిన వానను నిలుపుకొనే గట్టు మాత్రం మన చేతుల్లో ఉంది.

ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, బెసలేలును పేరుపెట్టి పిలిచిన దేవా, ఈ మాటలు చదువుతున్న ప్రతివారినీ పేరుపెట్టి పిలువుము. వారి చేతులకు నేర్పు దయచేయుము. నేర్చుకొనుటకు తగ్గింపును, నేర్పుటకు ఓర్పును ఇమ్ము. ఎండిన మా సీమ మీద వాన కురిపించి, దానిని నిలుపుకొనే జ్ఞానము మాకనుగ్రహించుము. యేసు నామములో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.